తడిగుడ్డ మూట

తునిలో రైలెక్కే ముందు
నానిన పెసల్ని మా ఆయన పాత పంచె ముక్కలో కట్టి
కిటికీ కొక్కేనికి తగిలించాను.
గోదావరి వంతెన మీద అందరూ చిల్లర విసురుతుంటే
నేను సీసాలో నీళ్ళు
మూట మీద నాలుగు చుక్కలు చిలకరించాను.
"ఊరెళ్తూ కూడా పత్యమేనా?" అంది వరహాలమ్మ వదిన
పూతరేకుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని.

నాంపల్లిలో దిగి విప్పితే
ఒక్కో గింజకీ తెల్లటి తోక.
టికెట్టు లేకుండా వచ్చిన పిల్లల్లా
ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి.

సెలవులు నాలుగు రోజులు.
షుగరుకి సెలవు లేదు.

లాడ్జి కుర్రాడు నయీం గది తలుపు తీస్తూ
ఎక్కడేం తినాలో ఏకబిగిన చెప్పాడు.
పొద్దున నహారీ, మధ్యాహ్నం బిర్యానీ,
రాత్రికి డబుల్ కా మీఠా,
మధ్య మధ్యలో చాయ్, చాయ్, చాయ్.
మా ఆయన వేళ్ళు మడిచి లెక్క పెట్టుకున్నాడు.
నేను ఒక వేలు చాపి సూదితో పొడుచుకున్నాను.
నూట తొంభై ఆరు.
నయీం పెట్టె వైపు చూసి
"మా అమ్మీకి రెండొందల నలభై" అన్నాడు,
లిఫ్టు పాడైంది, మెట్లెక్కాలి
అన్నంత మామూలుగా.
లిఫ్టు నిజంగానే పాడైంది.
మూడంతస్తులు, రోజుకు నాలుగుసార్లు.
ఆ లాడ్జికి నేనే అద్దె ఎక్కువివ్వాలి.

మ్యూజియంలో
గడియారం బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుందని
జనం మెడలు చాచి నిలబడితే
నేను మాత్రం మాత్ర వేళ చూసుకున్నాను.

బిర్యానీ వద్దనలేదు.
ఒక ప్లేటు, ముగ్గురం.
ముందు కీరా, ఉల్లిపాయ, పెరుగు,
తర్వాత ముక్క,
అన్నం ఆఖర్న, ఆరు చెంచాలు.
ఏడో చెంచా సంగతి డాక్టరమ్మకి చెప్పను.

ఇరానీ కేఫులో
మా ఆయన సాసర్లో ఒంపి నా వైపు జరిపాడు.
మూడు గుక్కలు.
ఇరవై ఆరేళ్ళ కాపురంలో
ఇంత తక్కువిచ్చి ఇంత సంతోషపెట్టడం
ఆయనకిదే మొదలు.

మూడో రాత్రి మెహిదీపట్నంలో బస్సు తప్పిపోయింది.
కాళ్ళు లాగేస్తున్నాయి, కడుపు కాలుతోంది,
చుట్టూ నూనె మరుగుతున్న వాసన.
అప్పుడు వినిపించింది
వంతెన స్తంభం కింద
టప్, టప్, టప్.
అరచేతుల మధ్య జొన్నపిండి
చంద్రుడంత అవుతోంది.

ఈరమ్మది నారాయణపేట దిక్కట.
పెనం మీద తడిచెయ్యి రాస్తూ చెప్పింది:
"చిన్నప్పుడు గిది తింటే పేదోళ్ళనిరి.
వరన్నం పండుగనాడే సూస్తుంటిమి.
గిప్పుడు కార్లు ఆపి పట్కపోతున్రు షుగరోళ్ళు."
రెండు రొట్టెలు తిన్నాను, గోంగూర పప్పుతో.
వదిన మూడు తింది, మాట్లాడకుండా.

"మరి నువ్వూ ఇదే తింటావా రాత్రికి?"
ఈరమ్మ నవ్వింది.
"ఇల్లు జేరేసరికి పదకొండైతది.
గప్పుడెవరు జేస్తరమ్మ?
ఇంత రేషన్ బియ్యం కుక్కర్ల పడేస్త."
పాదం మీద కట్టు ఉంది.
ఎప్పటి నుంచో మానలేదట.
ఎందుకు మానలేదో నాకు తెలుసు.
నా సంచీలో సూది పెట్టె ఉంది.
అడగడానికి నోరు రాలేదు.

మిగిలిన మొలకల మూట ఆమె ముందు విప్పాను.
గుప్పెడు నోట్లో వేసుకుని నమిలింది,
నమిలి, ముఖం చిట్లించి
"ఉప్పు లేదమ్మ" అంది.
తన డబ్బాలోంచి ఉప్పూకారం తీసి చల్లి
సగం నాకే తిరిగిచ్చింది.

తిరుగు రైల్లో
ఖాళీ గుడ్డ ఉతికి కిటికీకి ఆరేశాను.
మడతలో ఒక పెసరగింజ ఇరుక్కుని
ఇంకా పెరుగుతోంది.
సూది పెట్టె తీయబోయి, మానేశాను.
తెల్లారాక తునిలో చూసుకుంటాను.
ఈ రాత్రికి
ఆమె ఉప్పు తిన్నదాన్ని,
ఆ కట్టు గురించి అడగనిదాన్ని.